మీ దిగులు సాఫ్ట్‌వేర్ గురించేనా?

ఉప్పునీటిని తట్టుకునే మొక్కల మీద పీహెచ్‌డీ చేస్తున్న ఒక విద్యార్థిని పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఆమెకిది నాలుగో ఏడు. మొదటి పేపర్ జర్నల్ నుంచి రివిజన్‌కి తిరిగొచ్చింది. 45 రోజుల గడువులో 18 రోజులు ఇప్పటికే అయిపోయాయి. రివ్యూయర్లు మూడు మార్పులు అడిగారు. వేరు పొడవుల బార్ గ్రాఫులో ఒక్కో మొక్క కొలత విడిగా చుక్కగా కనపడాలి. జన్యువుల పనితీరు ఎంత పెరిగిందో, తగ్గిందో రంగులతో చూపే హీట్‌మ్యాప్‌లో ఇంద్రధనుస్సు రంగులు తీసేయాలి. ముడి డేటాతో పాటు గ్రాఫులు ఎలా గీశారో కూడా జతచేయాలి.

చిక్కేమిటంటే, ఆ గ్రాఫులు ఆమె గీసినవి కావు. ఏడాది కిందట ల్యాబ్ వదిలి వెళ్లిన సీనియర్ ఒకాయన ఆరిజిన్ సాఫ్ట్‌వేర్‌లో గీసిపెట్టారు. ఆ ప్రాజెక్ట్ ఫైల్ ఇప్పుడు తెరుచుకోవడం లేదు. స్లైడ్లలో అతికించిన బొమ్మలు, కొలతలున్న ఎక్సెల్ షీట్లు మాత్రం మిగిలాయి. ఆ షీట్లలో 3-1, 3-2 అని పేర్లు పెట్టిన నమూనాలు కొన్ని తేదీలుగా మారిపోయి ఉన్నాయట. ఆరిజిన్ లైసెన్స్ ల్యాబ్‌లో ఒక్క కంప్యూటర్‌కే ఉంది, దాని దగ్గర ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. గైడ్ గారేమో "ఎక్సెల్‌లో గీసి పంపెయ్యమ్మా, పైథాన్ అంటూ టైం పాడుచేసుకోకు. రేపు నువ్వెళ్లిపోతే ఆ కోడ్ నాకెవరు తెరిచి చూపిస్తారు?" అంటున్నారు. స్నేహితురాలు క్రాక్ చేసిన కాపీ ఇస్తానంటోంది. ఈమె వీడియోలు చూసి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడితే ఒక్క గ్రాఫుకి మూడు రోజులు పట్టింది. "తోటివాళ్లు గంటలో చేసేది నాకు మూడు రోజులు పడుతోందంటే ఈ దారి నాది కాదేమో" అని రాశారు.

ఉత్తరం చివర రెండు వాక్యాలున్నాయి. "చుక్కలు పెట్టి గీసి చూస్తే, విత్తనాలు నానబెట్టిన గుంపులో ఒకే ఒక్క మొక్క వల్ల సగటు పెరిగినట్టుంది. సార్‌కి ఇంకా చెప్పలేదు." ఆ వెంటనే, "ముందు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో చెప్పండి" అని ముగించారు.

*

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు పేజీలు సాఫ్ట్‌వేర్ గురించి రాసి, అసలు మాటను చివర్లో రెండు వాక్యాల్లో పెట్టారు. గుండెల మీద బరువు ఉన్నప్పుడు ఎవరమైనా అలాగే రాస్తాం. ఆ మాట దగ్గరికి తప్పకుండా వస్తాను. మీరడిగిన ప్రశ్న కూడా చిన్నదేం కాదు, 27 రోజుల గడువు నిజమైనదే కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

మొదట ఆ మూడు రోజుల సంగతి. మీరు పైథాన్‌లో వాడింది బహుశా మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫులు గీసే పనిముట్టు అయి ఉంటుంది. దాన్ని రాసిన జాన్ హంటర్ కంప్యూటర్ సైన్స్ మనిషి కాదు, నాడీశాస్త్ర పరిశోధకుడు. మూర్ఛ రోగుల మెదడులోంచి వచ్చే విద్యుత్ సంకేతాలను తెరమీద చూసుకోవడానికి అప్పుడున్నవి సరిపోక, తన అవసరం కోసం రాసుకున్నది 2003లో అందరికీ ఇచ్చాడు. అంటే మీలాగే ప్రయోగాలతో కుస్తీ పట్టే మనిషి చేతిలో పుట్టిన పనిముట్టు అది. మొదటి గ్రాఫుకి మూడు రోజులు పట్టిందంటే అందులో రెండున్నర రోజులు ఇన్‌స్టాల్ చేయడానికి, ఫైల్ ఎక్కడుందో కంప్యూటర్‌కి చెప్పడానికి, అక్షరాల సైజు మార్చే కమాండ్ వెతకడానికి పోయి ఉంటాయి. ఆ ఖర్చు ఒక్కసారే. రెండో గ్రాఫు అదే స్క్రిప్ట్‌లో, అంటే మీరు రాసిపెట్టుకున్న కమాండ్ల వరుసలో, కాలమ్ పేరు మార్చితే వస్తుంది. తోటివాళ్ల గంట వెనక కూడా వాళ్ల మూడు రోజులు ఎప్పుడో ఒకప్పుడు గడిచే ఉంటాయి.

ఇక మీ గైడ్ గారి మాట. దాన్ని మీరు పైథాన్ మీద వ్యతిరేకతగా తీసుకున్నారు. నాకు మాత్రం అందులో ఒకసారి చెయ్యి కాలిన మనిషి కనిపిస్తున్నారు. సీనియర్ వెళ్లిపోయాడు, ఫైల్ తెరుచుకోవడం లేదు, సొంత పేపర్‌లోని గ్రాఫును ఆయనే మళ్లీ గీయలేకపోతున్నారు. మీరు వెళ్లాక కూడా ఇదే జరుగుతుందేమోనని ఆయన భయం, అది న్యాయమైనదే. అయితే ఎక్సెల్‌లో గీసినంత మాత్రాన ఆ భయం తీరదు. ఏ అడ్డువరుసలు తీసేశారు, ఏ సగటు ఎలా కట్టారు, రంగుల హద్దులు ఎక్కడ పెట్టారు అన్నది ఎక్సెల్ ఫైల్లో చాలాసార్లు మిగలదు. మౌస్‌తో చేసిన పనికి ఆనవాలుండదు. స్క్రిప్ట్‌లో అయితే ఆ ఆనవాళ్లే గ్రాఫు. రివ్యూయర్ మూడో ప్రశ్నలో అడిగింది కూడా అదే కదా, గ్రాఫు ఎలా వచ్చిందో చూపించమని. అందుకే నేనైతే సాఫ్ట్‌వేర్‌ను ఎంచేటప్పుడు అందం కంటే ముందు ఒకటే చూస్తాను. ముడి కొలత నుంచి అచ్చులోని బొమ్మ దాకా నడిచిన దారి, రెండేళ్ల తర్వాత నేను లేనప్పుడు ఇంకొకరికి దొరుకుతుందా? నా సొంత గ్రాఫునే మళ్లీ గీయలేక, ఏ నమూనాను ఎందుకు తీసేశానో గుర్తు రాక వారం రోజులు నోటుబుక్కులు తిరగేసిన అనుభవం నాకుంది. అప్పటి నుంచి ఈ విషయంలో పట్టుదల పెరిగింది.

మీ ముందున్న దారులు చెప్తాను, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో కూడా.

ఆరిజిన్‌లోనే కొనసాగవచ్చు. ఆ పాత ఫైల్‌ను చనిపోయిందని అప్పుడే వదిలేయకండి. కొత్త వెర్షన్‌లో దాచిన ఫైల్ పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవడం మామూలే. ఆరిజిన్ వ్యూయర్ అని లైసెన్స్ అక్కర్లేని ఉచిత ప్రోగ్రామ్ ఉంది, దానితో ప్రాజెక్ట్‌లోని గ్రాఫులు, పట్టికలు చూడవచ్చు. ల్యాబ్‌ప్లాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని రకాల ఆరిజిన్ ప్రాజెక్టులను దిగుమతి చేసుకుంటుంది. ఆ సీనియర్‌కి ఒక ఫోన్ చేయడం కూడా పనే, మొహమాటపడకండి. ఫైల్ తెరుచుకుంటే రెండు రోజుల్లో గ్రాఫులు చేతికొస్తాయి, సార్‌కి అలవాటైన రూపంలోనే ఉంటాయి. కానీ లైసెన్స్ ఉన్న కంప్యూటర్ దగ్గర వరుసలో నిలబడటం తప్పదు, మీరు ఇంకోచోటికి వెళ్లాక మీ పని మీరే తెరవలేకపోవచ్చు.

సార్ చెప్పినట్టు ఎక్సెల్‌లోనూ చుక్కలు పెట్టొచ్చు. స్కాటర్ గ్రాఫు తీసుకుని ఒక గుంపుకి 1, ఇంకో గుంపుకి 2 అని అడ్డం విలువలిచ్చి, చుక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా 0.95, 1.05 అని కాస్త జరిపితే సరి. వేరు పొడవుల గ్రాఫుకి అది చాలు. హీట్‌మ్యాప్‌కి మాత్రం ఒప్పుకోను. పైగా మీ 3-1లు తేదీలైపోయిన చోటు అది. ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్2 లాంటి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్‌లో జతచేసిన పేపర్లలో సుమారు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చారు. మీరు పేర్లు మార్చనక్కర్లేదు. పేర్లు ఎక్కించేముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. ఇకముందు 3-1 బదులు ట్రే3_మొక్క1 అని రాయండి. ఇప్పటికే తేదీలైపోయిన వాటిని ఊహతో వెనక్కి మార్చకండి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడండి.

పైథాన్ దారిలో పూర్తిగా వెళ్లి, ఈ 27 రోజుల్లో భాష మొత్తం నేర్చుకోవాలనుకుంటే అది నేల విడిచి సాము. మీకు కావలసింది భాష కాదు, రెండు గ్రాఫులు. పైథాన్‌లోనే సీబోర్న్ అనే పనిముట్టులో చుక్కల గ్రాఫుకి, హీట్‌మ్యాప్‌కి తయారుగా కమాండ్లున్నాయి. మీ ల్యాబ్‌లో ఎవరికైనా ఆర్ (R) అనే భాష వచ్చి ఉంటే అందులోని గ్రాఫుల పనిముట్టు జీజీప్లాట్2 కూడా అంతే బాగుంటుంది. ఈ రెంటిలో ఏది గొప్పదన్న వాదనలోకి మీరు దిగొద్దు. పక్క బల్ల మీద కూర్చుని "ఇక్కడ కామా మర్చిపోయావ్" అని చెప్పే మనిషికి ఏది తెలుసో అదే మీకు మంచిది.

కోడ్ ఊసే వద్దనుకుంటే ప్లాట్స్ఆఫ్‌డేటా అనే వెబ్ సాధనం ఉంది. పట్టిక అతికిస్తే చుక్కలతో సహా గ్రాఫు గీసి ఇస్తుంది. తొందరలో ఉన్నవాళ్లకి అది మంచి ఊతకర్ర.

క్రాక్ కాపీ గురించి ఒక్క మాటే. తీసుకోకండి. దానితో పాటు ఏ వైరస్ వచ్చి నాలుగేళ్ల డేటా మీద కూర్చుంటుందో తెలియదు. పైగా ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ వాడారో పేపర్‌లో మీ పేరు కింద రాయాలి. ఉచితంగా, న్యాయంగా ఇన్ని దొరుకుతుంటే ఆ అవసరమే లేదు.

మీ పరిస్థితిలో నేనుంటే కలగలుపుగా వెళ్తాను. కొలతలు ఎక్సెల్‌లోనే ఎక్కించి, సీఎస్‌వీగా (ఏ సాఫ్ట్‌వేర్ అయినా చదవగల సాదా పట్టికగా) దాచి, ఆ రెండు గ్రాఫులకు మాత్రం స్క్రిప్ట్ రాస్తాను. బొమ్మను ఎస్‌వీజీ ఫార్మాట్‌లో, అంటే ఎంత పెద్దది చేసినా మసకబారకుండా, తర్వాత దిద్దుకోవడానికి వీలుగా, దాచి సార్‌కి ఇస్తాను. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో ఆయన తన చేతులతోనే అక్షరం జరుపుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు. ఒక చిన్న కిటుకు ఉంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా ఎస్‌వీజీలో అక్షరాలను గీతలుగా మార్చేస్తుంది, అప్పుడు వాటిని దిద్దలేం. సెట్టింగుల్లో ఎస్‌వీజీ ఫాంట్‌టైప్‌ను (svg.fonttype) 'none' అని పెడితే అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. "ఆ కోడ్ నాకెవరు చూపిస్తారు" అన్న మాటకి జవాబు మీ వాదనలో కంటే ఈ ఫైల్లో బాగా దొరుకుతుంది. జేపెగ్ మాత్రం వద్దు, అది గీతల చుట్టూ మసక తెస్తుంది. స్లైడ్లలోంచి కాపీ చేసిన బొమ్మలు కూడా మసకబారి జర్నల్‌కి పనికిరాకపోవచ్చు.

సైజు విషయం కూడా ఇప్పుడే తేల్చుకోండి. చాలా జర్నళ్లలో ఒక కాలమ్ వెడల్పు 85 నుంచి 90 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, నేచర్‌లో 89. అంటే మూడున్నర అంగుళాలు. బొమ్మను మొదటి నుంచీ ఆ వెడల్పుకే గీస్తే, తెరమీద పెట్టిన 7 పాయింట్ల అక్షరం అచ్చులోనూ 7 పాయింట్లే ఉంటుంది. తెరనిండా పెద్దగా గీసి తర్వాత కుదిస్తే అక్షరాలు చీమలైపోతాయి. సెమినార్ స్లైడ్‌కి ఇదే బొమ్మ పెట్టకండి. అదే స్క్రిప్ట్‌లో సైజు, అక్షరాల అంకె మార్చి ఇంకోటి తీయండి. చివరి వరుసలో కూర్చున్నవాళ్లు అక్షం మీది అంకెలు చదవగలగాలి.

రంగుల విషయంలో రివ్యూయర్ చెప్పింది నూటికి నూరుపాళ్లూ సరైనది. ఇంద్రధనుస్సు రంగుల్లో వెలుతురు ఒక క్రమంలో పెరగదు. నీలం చీకటిగా, మధ్యలో పసుపు మెరుస్తూ, చివరి ఎరుపు మళ్లీ చీకటిగా ఉంటుంది. దాంతో డేటాలో లేని గట్టు పసుపు దగ్గర ఉన్నట్టు కంటికి తోస్తుంది, నిజంగా ఉన్న తేడా ఆకుపచ్చలో కలిసిపోతుంది. దీనివల్ల ఎంత నష్టమో చెప్పే ప్రయోగం ఒకటుంది. 2011లో హార్వర్డ్‌లో, గుండె ధమనుల్లో ప్రమాదం పొంచి ఉన్న చోట్లను గుర్తించమని వైద్య విద్యార్థులకు బొమ్మలిచ్చారు. ఇంద్రధనుస్సు రంగుల త్రీడీ బొమ్మలో వాళ్లు పట్టుకున్నది 39 శాతం. అదే డేటాను చదునుగా పరిచి రంగులు మార్చాక 91 శాతం. మారింది బొమ్మ గీసిన తీరే. ఇంద్రధనుస్సు రంగుల ఇలాంటి లోపాల వల్లే మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ 2014లోనే తన డిఫాల్ట్ రంగులు మార్చుకుంది, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వెలుతురు క్రమంగా పెరిగే విరిడిస్ అనే రంగుల వరుసకి మారింది.

అయితే మీ హీట్‌మ్యాప్‌కి విరిడిస్ కూడా సరిపోదని నా అభిప్రాయం. కొన్ని జన్యువుల పని పెరిగింది, కొన్నింటిది తగ్గింది అని చూపించాలి కాబట్టి మీకు మధ్యలో తెలుపు, అటు నీలం, ఇటు ఎరుపు ఉండే రెండువైపుల రంగులు కావాలి. ఆ తెలుపు సరిగ్గా సున్నా దగ్గరే పడేలా హద్దులు మీరే ఇవ్వండి, సాఫ్ట్‌వేర్‌కి వదిలేస్తే డేటాకి మధ్యలో పెడుతుంది. ఎరుపు-ఆకుపచ్చ జత వద్దు. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో దాదాపు 8 శాతం మందికి ఆ రెండు రంగులను వేరుగా గుర్తించడం కష్టం. మీ తర్వాతి రివ్యూయర్ వాళ్లలో ఒకరు కావచ్చు.

ఇప్పుడు ఆ చివరి రెండు వాక్యాలు.

మీ అసలు అంకెలు నా దగ్గర లేవు కాబట్టి ఉదాహరణకి నేనే కొన్ని తీసుకుంటాను. మామూలు గుంపులో అయిదు వేర్లు 6.1, 6.4, 5.9, 6.3, 6.2 సెంటీమీటర్లు అనుకుందాం. నానబెట్టిన గుంపులో 6.2, 6.5, 6.0, 6.3, 11.0. సగటులు 6.18, 7.20. బార్ గ్రాఫు గీస్తే రెండోది ఒక సెంటీమీటరు పొడుగ్గా, నమ్మకంగా నిలబడుతుంది. బార్ మీద అనిశ్చితిని చూపే గీతగా (ఎర్రర్ బార్) స్టాండర్డ్ ఎర్రర్, అంటే సగటు ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే అంకె, పెడితే 0.95 దగ్గర ఆగుతుంది. అదే కొలతలు ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ పెడితే 2.13 అని పెద్ద గీత వచ్చి చూసినవాళ్లకి అనుమానం కలిగేది. ఆ అయిదో మొక్కను పక్కన పెడితే సగటు 6.25, అంటే తేడా దాదాపు లేదు. ఈ మాయను గణాంక శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ అన్స్కోమ్ 1973లోనే చూపించారు. పదకొండేసి చుక్కలున్న నాలుగు పట్టికల్లో సగటులు, సహసంబంధం, సరళరేఖ అన్నీ దాదాపు ఒకటే. గీసి చూస్తే నాలుగూ నాలుగు రకాలు. ఒకదానిలో ఒక్క చుక్కే గీత మొత్తాన్ని లాగుతుంది.

కాబట్టి మీరు తప్పేం చేయలేదు. గ్రాఫు గీయడమనేది దేనికోసం పుట్టిందో ఆ పనే మీ చేతిలో జరిగింది. మూడు రోజులు పట్టిన ఆ చేతగాని గ్రాఫే, సీనియర్ గీసిన అందమైన బార్లు దాచిన సంగతి బయటపెట్టింది. సీనియర్ కావాలని దాచారని నేననడం లేదు, బార్ గ్రాఫు స్వభావమే అంత.

ఇక్కడ మీ ముందు నాలుగు దారులున్నాయి, అన్నీ ఒకే బరువైనవి కావు. ఏమీ ఎరగనట్టు పాత బార్లనే కాస్త మెరుగుపెట్టి పంపొచ్చు. కానీ ముడి డేటా జతచేయమన్నారు. చదివేవాళ్లలో ఎవరో ఒకరు గీసి చూస్తారు, అప్పుడు పేపర్ మీద మొదటి పేరు మీదే. అయిదో మొక్కను తీసేసి మిగతావి చూపించొచ్చు. అది కూడా ఫలితం చూశాక చేసే పని అయితే తప్పే. ఆ కుండీ వేరే చోట ఉందనో, ఉప్పునీరు పోయడం మర్చిపోయామనో నోటుబుక్కులో అప్పటికే రాసి ఉంటే మాత్రం తీసేయొచ్చు, ఎందుకు తీశారో పేపర్‌లో చెప్పాలి.

అన్ని చుక్కలూ చూపించి, సగటు పక్కన మధ్యగతం కూడా ఇచ్చి, "అయిదింటిలో ఒక మొక్క స్పందన చాలా ఎక్కువగా ఉంది" అని రాసి, వాదన తగ్గించుకోవడం మూడోది. పేపర్ చిన్నబోతుంది, బహుశా ఇదే జర్నల్‌లో రాకపోవచ్చు కూడా. కానీ జన్యువుల ఫలితం నిలబడేదైతే పేపర్‌ను అది మోయగలదు. నాలుగోది, గడువు పెంచమని ఎడిటర్‌కి రాసి, ఆ ఒక్క ప్రయోగాన్ని ఎక్కువ మొక్కలతో, వేర్వేరు ట్రేలలో మళ్లీ చేయడం. రివిజన్‌లో గడువు అడగడం మామూలు విషయం, ప్రయోగం మళ్లీ చేస్తున్నామంటే ఎడిటర్లు చాలామంది ఒప్పుకుంటారు. నాకు ఈ నాలుగోదే నచ్చుతుంది. విత్తనాలు మొలకెత్తి వేర్లు కొలవడానికి మీకు ఎన్ని వారాలు పడుతుందో మీకే తెలుసు, ఫెలోషిప్ ఎంతకాలం ఉందో కూడా మీకే తెలుసు. సమయం లేకపోతే మూడోదాన్ని తక్కువగా చూడకండి. ఇంకో సంగతి, ఆ అయిదూ ఒకే ట్రేలో పెరిగినవైతే అవి అయిదు వేర్వేరు సాక్ష్యాలు కావని రివ్యూయర్ అనవచ్చు. ఆ జవాబు కూడా సిద్ధంగా ఉంచుకోండి.

సార్‌కి చెప్పడం వాయిదా వేయకండి. "పైథాన్‌లో గీస్తే ఇలా వచ్చింది" అని మొదలుపెడితే మాట సాఫ్ట్‌వేర్ మీదకి పోతుంది, మీరు ఓడిపోతారు. "సార్, రివ్యూయర్ అడిగినట్టు చుక్కలు పెట్టాను. ఈ ఒక్క మొక్క గురించి మీ సలహా కావాలి" అనండి. ఆయనకి కోపం రావచ్చు, ఒకరోజు మాట్లాడకపోవచ్చు. పేపర్ మీద ఆయన పేరూ ఉంది కాబట్టి, అచ్చయ్యాక బయటివాళ్ల నోట వినడం కంటే ఇప్పుడు మీ నోట వినడం ఆయనకీ మేలే. "ఇప్పుడున్నట్టే పంపెయ్" అని గట్టిగా అంటే, అప్పుడు మళ్లీ రాయండి. అది వేరే ఉత్తరం అవుతుంది, మీ డాక్టోరల్ కమిటీలో ఎవరితో మాట్లాడాలో అప్పుడు ఆలోచిద్దాం.

ఆయన గదికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లకండి. పాత బార్ గ్రాఫు, కొత్త చుక్కల గ్రాఫు ఒకే సైజులో, నిలువు అక్షం మీద ఒకే అంకెలతో ప్రింట్ తీసి పక్కపక్కన పెట్టండి. ఆ మొక్కను కొలిచిన రోజు నోటుబుక్కు పేజీ కూడా తెరిచి ఉంచండి. ఆ పేజీలో ఏముందో మీ ఉత్తరంలో రాయలేదు. ఏ సాఫ్ట్‌వేరూ తెరవకముందు, ఈ రోజే, అది చూడండి.